లాఫ్ట్‌లో దొరికిన పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్, "జె. లాంగ్, 22 కాక్‌స్పర్ స్ట్రీట్, లండన్" అని ఉంది, దీని సంగతేంటో ఎవరికైనా తెలుసా?

ష్రాప్‌షైర్_చందు

అందరికీ నమస్తే. ఇక్కడ పాత వస్తువులు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారని అడుగుతున్నా. మేం ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ వైపు ఒక పాత ఫార్మ్‌హౌస్ కొనుక్కున్నాం, విక్టోరియా కాలంది, ఇన్సులేషన్ వేయిద్దామని లాఫ్ట్ ఖాళీ చేయిస్తుంటే నీళ్ల ట్యాంకు వెనకాల దుమ్ము కొట్టుకుపోయిన తోలు పెట్టె ఒకటి బయటపడింది. ఏదో వాయిద్యం పెట్టేమో అనుకుని తెరిస్తే లోపల తుపాకీ.

రెండు గొట్టాలు పక్కపక్కన ఉన్నాయి, గొట్టాల మీద బ్రౌన్ రంగులో అలలు అలలుగా ఏదో గీతలున్నాయి, తుప్పేమో మరి. పైన రెండు పెద్ద గుర్రాలు, అదే ట్రిగ్గర్ నొక్కితే పడి కొట్టే సుత్తులు, వాటి ముక్కు చదునుగా ఉంది. ట్రిగ్గర్ గార్డుకి ముందు, కర్ర కింద ఒక లీవర్ ఉంది, దాని కొస బ్యారెల్ మూతి వైపుకి చూస్తూ ఉంటుంది, దాన్ని పక్కకి తిప్పితే గొట్టాలు కిందకి వంగి వెనకవైపు తెరుచుకుంటున్నాయి. గొట్టాల వెనక అంచున పైభాగంలో ఒక్కోదానికి ఒక చిన్న గాడి కోసి ఉంది. సైడు ప్లేట్ల మీద "జె. లాంగ్" అని, గొట్టాల మధ్య పట్టీ మీద టైటిల్‌లో రాసిన అడ్రసు. బట్ కింద అండాకారంలో చిన్న వెండి బిళ్ల, దాని మీద కొమ్ములున్న జింక తల. పెట్టె మూత లోపల సగం చిరిగిన లేబుల్, చేత్తో తిప్పే చిన్న మిషన్ లాంటిది, నూనె సీసా, ఇంకా పక్కకి మేకు పొడుచుకొచ్చిన కాగితం తూటాలు కొన్ని.

మా ఆవిడ వెంటనే పోలీసులకి ఇచ్చెయ్యమంటోంది. ఆఫీసులో కొలీగ్ ఏమో స్టీల్ పీచుతో రుద్ది తళతళలాడించి ఫైర్‌ప్లేస్ పైన తగిలించుకో అంటున్నాడు. ఇది ఇంట్లో ఉంచుకోవడం నేరమా? నిజంగా చరిత్ర ఉన్న వస్తువేనా లేక మామూలు పాత తుపాకీనా? క్లీన్ చేయొచ్చా? ఫోటోలు రేపు పెడతా.

కెంట్_మూర్తి

చందు గారూ, చరిత్ర తర్వాత చూద్దాం, ముందు రెండు పనులు. ఆ తూటాలని చేత్తో కదపకండి, పిల్లలుంటే ఆ గదికి తాళం వేసెయ్యండి. పక్కకి పొడుచుకొచ్చింది మేకు కాదు, అదే దాన్ని పేల్చే పిన్ను. దాని మీద గట్టిగా దెబ్బ తగిలితే చాలు, తుపాకీలో పెట్టాల్సిన అవసరం కూడా లేదు. నూటయాభై ఏళ్ల నాటి మందు పాడైపోయుంటుందిలే అనుకోవద్దు, పొడిగా ఉంటే అది పాడవ్వాలని రూలేం లేదు. రెండోది, కొలీగ్ గారి స్టీల్ పీచు సలహా ఇప్పుడే మర్చిపోండి, ఎందుకో మిగతావాళ్లు చెప్తారు.

ఇక చట్టం. చాలామంది పొరబడేది ఎక్కడంటే, "వందేళ్లు దాటింది కాబట్టి యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు" అనుకుంటారు. బ్రిటన్‌లో అలా కాదు. 1968 ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 58 లో యాంటిక్ తుపాకీలకి మినహాయింపు ఉంది, కానీ యాంటిక్ అంటే ఏంటో 2021 యాంటిక్ ఫైర్‌ఆర్మ్స్ రెగ్యులేషన్స్ తేల్చి చెప్పాయి. 1939 సెప్టెంబర్ 1 కి ముందు తయారై ఉండాలి, దాంతోపాటు ఆ తుపాకీ పేలే పద్ధతి పాతబడిపోయినదై ఉండాలి, లేదా దాని తూటా సైజు ఆ రెగ్యులేషన్స్‌లోని పాత తూటాల లిస్టులో ఉండాలి. పైగా మీరు దాన్ని వింత వస్తువుగానో అలంకారంగానో మాత్రమే ఉంచుకోవాలి. కాల్చాలనుకున్న క్షణం నుంచి అది మామూలు షాట్‌గన్నే, సర్టిఫికెట్ కావాల్సిందే.

మీరు చెప్పినదాన్ని బట్టి అది పిన్‌ఫైర్, అంటే ఆ పిన్ను మీద కొడితే పేలే రకం. పిన్‌ఫైర్ పద్ధతి పాతబడిన వాటిలోకే వస్తుంది కాబట్టి బోర్, అంటే గొట్టం లావు, ఎంతైనా ఇబ్బంది లేదు. అదే 12 బోర్ సెంటర్‌ఫైర్, అంటే తూటా వెనక మధ్యలో కొడితే పేలేది, అయితే 1865 లో చేసినా 1965 లో చేసినా ఒకటే, ఆ లిస్టులో 12 లేదు, పోలీసులిచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో ఉండకూడదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. 1860 ల చివర్లో, 70 ల్లో పిన్‌ఫైర్ తుపాకీలని చాలావాటిని సెంటర్‌ఫైర్‌గా మార్పించేశారు, పాత తుపాకీ పారెయ్యడం ఎవరికిష్టం. కాబట్టి లీవర్ తిప్పి తెరిచినప్పుడు, గొట్టాల వెనక భాగం వచ్చి ఆనుకునే చదునైన ఇనుప ముఖం ఉంటుంది కదా, దాని మీద రెండు చిన్న రంధ్రాలు గానీ వాటిలో సూదుల్లాంటివి గానీ ఉన్నాయా చూడండి. ఉంటే అది మార్చిన తుపాకీ, అప్పుడు కథ వేరు. గాళ్లని లోహంతో పూడ్చేసి ఉన్నా అదే అనుమానం. ఏ గొట్టంలోనూ తూటా లేదని తెరిచినప్పుడే చూసే ఉంటారు, అయినా ఇంకోసారి చూడండి.

రంధ్రాలున్నాయి అనుకోండి, కారులో వేసుకుని మీరే ఎక్కడికీ తీసుకెళ్లొద్దు. ఇక్కడి పోలీసుల అత్యవసరం కాని నంబర్ 101 కి ఫోన్ చేసి ఫైర్‌ఆర్మ్స్ లైసెన్సింగ్ వాళ్లతో మాట్లాడండి, లేదా రిజిస్టర్డ్ తుపాకీ డీలర్‌కి ఫోన్ చేస్తే ఆయనే వచ్చి తన రిజిస్టర్‌లో ఎక్కించుకుని తీసుకెళ్తాడు, తుపాకీ మీదే, ఆయన దగ్గర భద్రంగా ఉంటుంది అంతే. ఫోన్‌లో "సరెండర్ చేస్తా" అని మాత్రం అనకండి, సరెండర్ చేసిన తుపాకీలు ఎక్కువగా ధ్వంసం చేయడానికే పోతాయి. "దొరికింది, సలహా కావాలి" అనండి.

ఓరుగల్లు_టు_లీడ్స్

అన్నా, నువ్వు చెప్పినవన్నీ చదువుతుంటే నాకు కూసున్న కాడ నిలవలేదు! ఆ ముందుకి చూసే లీవర్ ఉన్నది చూడు, అదే అసలు ముచ్చట. జర పెద్దగనే రాస్త, ఓపికతోని చదువు.

1850 కి ముందు ఇంగ్లండ్‌ల వేటకి పోయేటోళ్లందరి చేతుల్ల ఉన్నది మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, సీసం గుళ్లు పోసి, మళ్ల కడ్డీతోని దట్టించే తుపాకే. లండన్ తుపాకోళ్లు దాన్ని ఎంత నాజూకుగ చేసిండ్రంటే ఇంక దీనికి మించి చేసేదేం లేదనుకున్నరు. జోసెఫ్ మాంటన్ అని ఒకాయన ఉండె, ఆయన దుకాణంల పనిచేసినోళ్లే తర్వాత జేమ్స్ పర్డీ, థామస్ బాస్ లెక్క పెద్ద పెద్ద పేర్లయిండ్రు. మాంటన్ 1826 ల దివాలా తీసిండు, అది వేరే కథ. మీ జోసెఫ్ లాంగ్ గూడ ఆ కాలపోడే, పర్డీకి అల్లుడు. 1820 ల నుంచి హేమార్కెట్‌ల దుకాణం ఉండె, 1850 ల మొదట్ల కాక్‌స్పర్ స్ట్రీట్ 22 కి వచ్చిండు.

ఇగ ఫ్రాన్స్‌ల ఏమైందంటే, కాసిమిర్ లెఫోషో అనేటోడు 1830 ల్లనే గొట్టాలు వంగి వెనక నుంచి తూటా పెట్టే తుపాకి చేసిండు. తూటా అడుగున పక్కకి పిన్ను, అది గొట్టం గాడిల నుంచి పైకి పొడుచుకొని ఉంటది, గుర్రం పైనుంచి పడి దాన్ని కొడితే పేలుతది. నీ గుర్రాల ముక్కు చదునుగ ఎందుకున్నదో సమజైందా. అండ్ల ఒక లాభం గూడ ఉన్నది, పిన్ను పైకి కనబడుతదిగదా, తుపాకి నిండుగ ఉన్నదా ఖాళీనా దూరం నుంచే తెలుస్తది. 1846 ల ఊలియే అనేటాయన తూటాని గ్యాస్ బయటికి పోకుంట మంచిగ చేసిండు. అయినా ఇంగ్లిషోళ్లు పట్టించుకోలె, ఫ్రెంచోడు చేసింది మనకెందుకని.

1851 ల హైడ్ పార్క్‌ల క్రిస్టల్ ప్యాలెస్ కట్టి గ్రేట్ ఎగ్జిబిషన్ పెట్టిండ్రుగదా, అండ్ల లెఫోషో తుపాకి వచ్చింది. అది చూసి ఎడ్విన్ చార్లెస్ హాడ్జెస్ అనే కుర్ర పనోడు అసొంటిదే చేసి లాంగ్‌కి చూపెట్టి ఒప్పించిండని చెప్తరు. లాంగ్ దాన్ని అమ్ముడు మొదలువెట్టిండు. గట్ల ఇంగ్లండ్‌ల వెనక నుంచి నింపే వేట తుపాకి గట్టిగ నిలబడ్డదే లాంగ్ దుకాణం నుంచి. నీ చేతుల్ల ఉన్నది ఆ తొలి తరం తుపాకి అయి ఉండొచ్చు అన్నా, అందుకే ఇంత రాస్తున్న.

అప్పట్ల లొల్లి మామూలుగ కాలేదు. విలియం గ్రీనర్ అనే పెద్ద తుపాకీ మేస్త్రి 1858 ల పుస్తకం రాసి మరీ ఈ ఫ్రెంచ్ పద్ధతి పనికిరాదు, ప్రమాదం అని దుమ్మెత్తి పోసిండు. ఆయన కొడుకు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ ఏమో బ్రీచ్‌లోడర్ల దిక్కే, అంటే వెనక నుంచి నింపేటి తుపాకుల దిక్కే పోయిండు, తండ్రితోని పొసగక సొంతంగ దుకాణం పెట్టుకున్నడు, ఆఖరికి పేరు నిలబడ్డది కొడుకుదే. "ద ఫీల్డ్" పత్రిక ఎడిటర్ వాల్ష్ 1858 ల, మళ్ల 1859 ల పోటీలు పెట్టిండు, పాతవి ఒక దిక్కు, కొత్తవి ఒక దిక్కు. దెబ్బ బలంల పాతయే కొంచెం మీద ఉన్నయి గని తేడా అనుకున్నంత లేదు, ఇగ చలికాలం పొలంల నిలబడి కడ్డీతోని దట్టించుడు ఎవనికి గావాలె, జనం కొత్తదానికే పోయిండ్రు.

కానీ పిన్‌ఫైర్ రాజ్యం గూడ ఎన్నో రోజులు నడువలె. 1861 ల జార్జ్ డా అనేటాయన లండన్‌ల సెంటర్‌ఫైర్ తూటా తెచ్చిండు, పిన్ను లేదు, గాడి లేదు, ఎట్ల పెట్టినా లోపటికి పోతది. ఇరవై ఏండ్లు గూడ నిండకముందే పిన్‌ఫైర్ పాతబడ్డది. గందుకే మంచి లండన్ పిన్‌ఫైర్లు తక్కువ, అండ్ల మార్చకుంట మిగిలినయి ఇంకా తక్కువ.

అనుమానం_పక్షి

పైన రాసినవన్నీ బాగానే ఉన్నాయి, కానీ చందు గారు మరీ గాల్లో తేలకముందే ఒక మాట. పేరు చెక్కి ఉన్నంత మాత్రాన అది ఆ దుకాణానిదే అని కాదు. మాంటన్ పేరు పెట్టి బెల్జియంలో చేసిన నకిలీలు లెక్కలేనన్ని, ఒక్కోసారి స్పెల్లింగ్ కూడా కొంచెం మార్చి కొట్టేవాళ్లు. లాంగ్ పేరుకి అంత గిరాకీ లేకపోయినా చూసుకోవడంలో తప్పేం లేదు. ఇంకో విషయం, నిజంగా లాంగ్ అమ్మిందే అయినా ఆ రోజుల్లో లోపలి పని చాలావరకు బయటి పనివాళ్లే చేసిచ్చేవాళ్లు, అది నకిలీ కిందకి రాదు, లండన్ ట్రేడ్ అంతా అలాగే నడిచేది.

అడ్రసు మంచి ఆధారమే. హేమార్కెట్ అని ఉంటే ముందుది, కాక్‌స్పర్ స్ట్రీట్ అంటే 1850 ల మొదట్నుంచి 70 ల దాకా. కానీ దాంతో ఇరవై ఏళ్ల తేడా అలాగే ఉండిపోతుంది. కాలం ఇంకా దగ్గరగా చెప్పేది లీవరే. 1859 లో బర్మింగ్‌హామ్‌కి చెందిన హెన్రీ జోన్స్ ఒక లీవర్‌కి పేటెంట్ తీసుకున్నాడు, అది ట్రిగ్గర్ గార్డు మీదకి వెనక్కి వంగి ఉంటుంది, స్క్రూ లాగా తిరిగి గొట్టాల కింది ముద్దని రెండు వైపులా బిగిస్తుంది. అది చాలా గట్టిది, దాంతో అందరూ దానికే వెళ్లిపోయారు. మీది ముందుకి చూస్తోందంటున్నారు, అంటే అంతకంటే పాత పద్ధతి, ఒకే గాడిలో పట్టుకునేది. గొట్టాల కింద ఉన్న ముద్దకి గాళ్లు ఒకటా రెండా చూసి చెప్పండి. ఒకటే అయితే ఓరుగల్లు తమ్ముడు చెప్పిన 1850 ల మాటకి బలం వస్తుంది. ముందుకి లీవర్ ఉన్నవి ఆ తర్వాత కూడా చేశారు కాబట్టి ఇది ఒక్కటే రుజువని అనను.

ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టాలని పరీక్షించాక కొట్టే ముద్రలు, అవి కూడా చూడండి. గొట్టాలు విడదీసి తిరగేస్తే వెనక భాగంలో చదునైన చోట ఉంటాయి. కిరీటం కింద జీ, పీ అక్షరాలు పెనవేసుకుని ఒకటి, కిరీటం కింద వీ ఒకటి ఉంటే లండన్ ప్రూఫ్ హౌస్. బర్మింగ్‌హామ్‌ది అయితే ఆ కాలంలో అడ్డంగా పెట్టిన రాజదండాలు, కిరీటం, బీపీసీ అక్షరాలు. ఆ రెండూ కాకుండా అండాకారంలో ఈ, ఎల్, జీ అని నక్షత్రం గుర్తుతో ఉంటే అది బెల్జియంలోని లీయేజ్, అప్పుడు మన ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాలి. అక్కడే బోర్ నంబర్ కూడా ఉంటుంది, 12 అంటే పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత లావని లెక్క, సుమారు 0.729 అంగుళం.

ఇక ఆ బ్రౌన్ అలలు తుప్పు కాదండీ బాబూ! అది డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు కడ్డీలని కలిపి మెలిపెట్టి పట్టీలుగా సాగదీసి, కడ్డీ చుట్టూ స్ప్రింగు లాగా చుట్టి కొలిమిలో అతికించి చేసిన గొట్టం అది. ఆ తర్వాత ఆ డిజైన్ కనపడ్డానికి కావాలనే నెమ్మదిగా పలచటి తుప్పు పట్టించి ఆపుతారు. స్టీల్ పీచుతో రుద్దితే అరగంటలో ఆ పనంతా పోతుంది, దాంతోపాటు విలువలో పెద్ద ముక్క కూడా పోతుంది. కొలీగ్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

సరదా_సూరి

అంత మంచి తుపాకీ అయితే ఎక్కడైనా పొలంలో ఒక్కసారి పేల్చి చూడొచ్చు కదా బ్రో, తూటాలు కూడా ఉన్నాయి 😀

కెంట్_మూర్తి

సూరీ, పై పోస్టు చదవలేదా? కాల్చాలనుకుంటే యాంటిక్ మినహాయింపు పోతుంది, అది ఒకటి. ఆ గొట్టాలు బ్లాక్ పౌడర్, అదే పాతకాలం నల్లమందు, కోసం చేసినవి, లోపల గుంటలు పడి ఉన్నాయో గోడ ఎక్కడ పలచబడిందో పరికరాలతో కొలిస్తే తప్ప తెలీదు, అది రెండు. పేలితే పోయేది దాన్ని ముందు పట్టుకున్న ఎడమ చెయ్యి. జోకులకి ఇంకో థ్రెడ్ పెట్టుకో నాయనా.

ష్రాప్‌షైర్_చందు

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఫోటోలు పెట్టాను, మొదటి ఫోటోలో లేబుల్, చివర్లో ముద్రలు.

తెరిచి టార్చ్ వేసి చూశాను, రెండు గొట్టాలూ ఖాళీ. మూర్తి గారు చెప్పిన ఇనుప ముఖం నున్నగా ఉంది, ఒక్క రంధ్రం కూడా లేదు. గాళ్లు కూడా తెరిచే ఉన్నాయి, పూడ్చిన ఆనవాలేం లేదు. లీవర్ తిప్పినప్పుడు గొట్టాలు దానంతటవే విడిపోయి చేతిలోకి వచ్చాయి, కింద ముద్దకి ఒకే ఒక గాడి. ముద్రల్లో కిరీటం, వీ స్పష్టంగా ఉన్నాయి, రెండోది అరిగిపోయింది కానీ జీ లాగానే కనిపిస్తోంది. పక్కన 12 అని అంకె. ట్రిగ్గర్ గార్డు తోక మీద నాలుగంకెల నంబర్ ఉంది, అది బయట పెట్టొచ్చో లేదో తెలీక ఫోటోలో చెరిపేశాను.

మీరన్నట్టే లైసెన్సింగ్ వాళ్లకి ఫోటోలతో ఈమెయిల్ పెట్టాను. తూటాలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, గదికి తాళం వేశాం. ఇంకో డౌట్, ఆ జింక తల ఎవరిదో కనుక్కోవచ్చా? ఆ కాలంలో మన మహారాజులు కూడా ఇక్కడ వేటాడేవాళ్లని ఎక్కడో చదివాను, ఏమో అలాంటి లింకేమైనా ఉంటుందేమోనని ఆశ 😊

అనుమానం_పక్షి

ఆశ మంచిదే గానీ కొంచెం కిందకి దించండి. మీరు చదివింది మహారాజా దులీప్ సింగ్ గురించి అయ్యుంటుంది, పంజాబ్ సిక్కు రాజ్యపు ఆఖరి రాజు, 1854 లో ఇక్కడికి తెచ్చారు, 1863 లో సఫోక్‌లో ఎల్వెడెన్ ఎస్టేట్ కొని ఇంగ్లండ్‌లోనే గొప్ప గురి ఉన్నవాళ్లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు, సమాధి కూడా అక్కడి చర్చి దగ్గరే. ఆయన తుపాకీ అనే కాగితం ఉంటే దాని ధర ఎక్కడికో పోతుంది, అందుకే ప్రతి పాత తుపాకీకీ ఎవరో ఒకరు ఏదో ఒక రాజుని అంటగడుతుంటారు. కొమ్ముల జింక తల ఇక్కడ ఎన్నో కుటుంబాల చిహ్నం. కింద మెలి తిరిగిన తాడు లాంటి గీత మీద తల నిలబడి ఉందా, మెడ దగ్గర తెగినట్టు ఉందా, చిరిగినట్టు ఉందా, పక్కన అక్షరాలేమైనా ఉన్నాయా, ఇవన్నీ చూసుకుని ఫెయిర్‌బెయిర్న్ క్రెస్టుల పుస్తకంలో వెతకాలి. పది ఇరవై పేర్లొస్తాయి. వాటిలో మీ ఇంటి చుట్టుపక్కల భూములున్న కుటుంబం ఒకటి తగిలితే అప్పుడు కథ మొదలవుతుంది. మీ ఇంటి పాత దస్తావేజులు, జిల్లా ఆర్కైవ్స్ చూడండి, మహారాజుల కంటే అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

అసలు తాళంచెవి ఆ నాలుగంకెల నంబర్. లాంగ్ వ్యాపారం తర్వాత స్టీఫెన్ గ్రాంట్‌తో, ఆపైన అట్కిన్‌తో కలిసి అట్కిన్ గ్రాంట్ అండ్ లాంగ్ అయింది. పాత లెడ్జర్లలో ఆ నంబర్ ఉందేమో వాళ్లనే అడగాలి. దొరికితే ఏ ఏడు చేశారు, ఎవరికి అమ్మారు అన్నది కాగితం మీద వస్తుంది, అప్పుడు జింక తల గురించి ఊహాగానాలు అవసరం ఉండదు. నంబర్ చెరిపి మంచి పని చేశారు.

సునంద_రీడింగ్

చందు గారూ, ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా, అసలు ఇది మీదేనా? ఇల్లు కొన్నప్పుడు ఫిటింగ్స్ అండ్ కంటెంట్స్ ఫారం, అదే టీఏ10, ఇచ్చి ఉంటారు, అందులో ఏవి వదిలేస్తున్నారో ఏవి తీసుకెళ్తున్నారో ఉంటుంది. లాఫ్ట్‌లో ఉన్న సంగతి అమ్మినవాళ్లకే తెలీకపోతే, "మా తాతగారిది" అని రేపు వాళ్లు రావచ్చు, వేలంలో పేరు బయటికొచ్చాక వస్తే ఇంకా గొడవ. మీ కొనుగోలు చూసిన సాలిసిటర్‌కి ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తేల్చుకోండి. అమ్మినవాళ్లతో మంచిగా మాట్లాడితే ఇంకో లాభం కూడా ఉంది, ఆ ఇంట్లో అంతకుముందు ఎవరున్నారో, ఆ పెట్టె ఎవరిదో చెప్పగలిగేది వాళ్లే.

ఓరుగల్లు_టు_లీడ్స్

సునందక్క మంచి మాట చెప్పింది. అన్నా, ఫోటోలు జూసిన, ఆ చేత్తోని తిప్పే మిషన్ ఉన్నది చూడు, అది తూటా మూతి మడతబెట్టేది. మందు, గుళ్లు నింపినంక కాగితం గొట్టం అంచుని లోపటికి మలిచి మూసేటందుకు. వేటగాళ్లు ఇంట్ల కూసొని ఖాళీ తూటాలు నింపుకునేటోళ్లు. పెట్టె, లేబుల్, మిషన్, నూనె సీసా అన్నీ ఒక్క దగ్గర ఉండుడే పెద్ద సంగతి, చాలా తుపాకులకి పెట్టె ఎన్నడో పోయి ఉంటది. దేన్ని గూడ ఇడదీసి అమ్మకు, సగం చిరిగిన లేబుల్‌ని గమ్ముతోని అంటించకు.

నీకు లీడ్స్ దిక్కు పని పడితే ఒకసారి రాయల్ ఆర్మరీస్ మ్యూజియం చూడు, ఈ మార్పంతా ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉంటది, నేనైతే మా పోరగాండ్లని తోలుకపోయి అక్కడనే సగం రోజు గడిపిన, వాళ్లకి బోర్ కొట్టింది అది వేరే ముచ్చట.

కెంట్_మూర్తి

ఫోటోలు చూశాక నాకున్న పెద్ద అనుమానం పోయింది. రంధ్రాల్లేవు, గాళ్లు తెరిచి ఉన్నాయి, అంటే మార్చని పిన్‌ఫైర్. అలంకారంగా ఉంచుకుంటే సర్టిఫికెట్ అవసరం రాదు. అయినా లైసెన్సింగ్ వాళ్ల జవాబు ప్రింట్ తీసి పెట్టెలో పెట్టుకోండి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు జైలు శిక్ష పడి ఉంటే యాంటిక్ అయినా ఇబ్బందే, మీకా సమస్య లేదనుకుంటున్నా. బయటికి తీసుకెళ్లాల్సి వస్తే విడదీసి పెట్టెలో పెట్టి మాత్రమే, చేత్తో పట్టుకుని రోడ్డు మీదకి రావొద్దు. తూటాల విషయం అదే మెయిల్‌లో విడిగా అడగండి, తుపాకీకి వచ్చిన జవాబే వాటికీ వర్తిస్తుందనుకోవద్దు.

భద్రపరచడం గురించి. ఆ తోలు పెట్టెలోనే ఏళ్ల తరబడి ఉంచకండి, లోపలి గుడ్డ తేమ పీల్చుకుని అక్కడే కొత్త తుప్పు మొదలవుతుంది. లాఫ్ట్‌లోకి మళ్లీ అసలే వద్దు, వేసవిలో వేడి, చలికాలంలో చెమ్మ. పట్టుకునేటప్పుడు కాటన్ గ్లవ్స్, చేతి చెమటకి లోహం మీద వేలిముద్రలు అలాగే తుప్పుగా మిగిలిపోతాయి. స్క్రూలు అస్సలు ముట్టుకోవద్దు, వాటి గాళ్లు మామూలు స్క్రూడ్రైవర్ పట్టేంత వెడల్పుండవు, ఒక్కసారి జారితే చుట్టూ చెక్కిన పూల పని గీరుకుపోతుంది. గుర్రాలని వెనక్కి లాగి టక్కుమని వదలొద్దు. ఎవరైనా నిపుణుడు చూశాక మ్యూజియంవాళ్లు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాస్తే చాలు.

ష్రాప్‌షైర్_చందు

అప్‌డేట్. లైసెన్సింగ్ నుంచి జవాబొచ్చింది, పిన్‌ఫైర్‌ని యాంటిక్‌గా ఉంచుకోవచ్చన్నారు, తూటాలు మాత్రం మీరు ముట్టుకోవద్దు, మేమే వచ్చి తీసుకుంటాం అన్నారు, సంతోషంగా ఒప్పుకున్నా. అమ్మినావిడ పెద్దావిడ, ఫోన్ చేస్తే ఆ పెట్టె సంగతే తెలీదంది, తనకొద్దు అని సాలిసిటర్ ద్వారా రాసిస్తానంది. తన భర్త వైపు వాళ్లు ఆ ఇల్లు కొన్నది 1930 ల్లోనట, అంతకుముందు దగ్గర్లోని పెద్ద ఎస్టేట్‌కి వేటమృగాలు చూసుకునే గేమ్‌కీపర్ ఆ ఇంట్లో ఉండేవాడట. అంటే ఆ జింక తల ఎస్టేట్ వాళ్లదై ఉండి, పాతబడ్డాక ఆయనకిచ్చి ఉంటారా?

ఇంకోటి, సిగ్గు లేకుండా అడుగుతున్నా, దీని విలువ ఎంతుంటుంది? అమ్మే ఉద్దేశం ఇప్పటికి లేదు, ఇన్సూరెన్స్ కోసం.

అనుమానం_పక్షి

గేమ్‌కీపర్‌కి పాత తుపాకీ ఇవ్వడం బాగా ఉన్న అలవాటే, కాబట్టి నమ్మదగ్గ ఊహ. ఆ ఎస్టేట్ కుటుంబం చిహ్నం ఏంటో చూడండి, వాళ్ల ఊరి చర్చిలో గోడ మీద పలకలుంటాయి, వాటి మీద తరచుగా చెక్కి ఉంటుంది. రెండు జింకలూ సరిపోతే, లెడ్జర్‌లో అదే ఇంటిపేరు వస్తే, ఇక నా అనుమానాలు నేను వెనక్కి తీసుకుంటా.

విలువ అంటే, మామూలు పిన్‌ఫైర్లు వేలంలో చాలావరకు కొన్ని వందల పౌండ్ల దగ్గరే ఆగిపోతాయి, కాల్చడానికి పనికిరావు కాబట్టి కొనేవాళ్లు తక్కువ. మీది లండన్‌ది, తొలి రోజులది, మార్చనిది, పెట్టెతో ఉంది కాబట్టి ఆ గుంపులో ఉండదు, కానీ నేను ఇక్కడ కూర్చుని అంకె చెప్పను. పాత తుపాకీలకే ప్రత్యేకంగా వేలం పెట్టే సంస్థలు కొన్ని ఉన్నాయి, ఫోటోలు పంపితే అంచనా చెప్తారు. ఊళ్లో మామూలు పాత సామాన్ల వేలానికి మాత్రం వెళ్లొద్దు, వాళ్లకి 1850 ల లాంగ్‌కీ బెల్జియం పిన్‌ఫైర్‌కీ తేడా తెలీకపోవచ్చు. ఇన్సూరెన్స్‌కి రాయించేటప్పుడు లెడ్జర్ జవాబు వచ్చేదాకా ఆగండి, అది వస్తే లెక్క మారుతుంది.

ఒక ఫోటో మాత్రం ఇంకా కావాలి. గొట్టాలు విడదీసినప్పుడు కింద ముద్ద పక్కన గానీ గొట్టాల అడుగున గానీ చిన్న అక్షరాలేమైనా కొట్టి ఉన్నాయేమో, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి తియ్యండి. పనివాళ్లు అక్కడ తమ పొట్టి పేరు కొట్టుకునేవాళ్లు. ఈ, సీ, హెచ్, అంటే ఆ ఎడ్విన్ చార్లెస్ హాడ్జెస్ అక్షరాలు, కనిపిస్తే వెంటనే ఇక్కడ పెట్టండి, ఓరుగల్లు తమ్ముడికి ఆ రాత్రి నిద్ర ఉండదు.